కథ కోసం మండువా లోగిలి లెగోలో కడుతున్నాను, కప్పు దగ్గర ఆగిపోయింది

కోనసీమ_కథలు:
నమస్కారం అండీ. నేను కథలు రాస్తాను. ఇప్పుడు రాస్తున్న పెద్ద కథంతా ఒకే ఇంట్లో జరుగుతుంది. అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి మండువా లోగిలి అది, అంటే మధ్యలో కప్పులేని చోటు (మండువా), దాని చుట్టూ గదులు ఉండే ఇల్లు. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడు పడగొట్టేశారు. మిగిలినవి పెళ్ళి ఫొటోలే. మనుషుల వెనక ఓ స్తంభమో, కిటికీ రెక్కో కనిపిస్తుందంతే. రాస్తుంటే ఎవరు ఎక్కణ్ణుంచి ఎటు వెళ్ళారో నాకే అంతుపట్టడం లేదు. అందుకని అటక మీదున్న మా అబ్బాయి లెగో డబ్బాలు దించి గోడలు లేపాను. వీధి అరుగు, పడసాల, మండువా చుట్టూ వసారా, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి అన్నీ కుదిరాయి. కప్పు మాత్రం కుదరడం లేదు. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, వాన నీళ్ళు మండువాలో పడాలి. నా దగ్గరున్న వాలు ముక్కలు మూలల్లో కలవవు. బొమ్మ మనుషులకి ఇల్లు ఏ కొలతలో ఉండాలో కూడా చెప్పండి. ఇలా రాస్తూ కట్టేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?

స్టడ్‌కి_అడుగు:
ముందు కొలత. లెగో ముక్కల మీద ఉండే గుండ్రటి బొడిపెని స్టడ్ అంటారు. స్టడ్‌కీ స్టడ్‌కీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. దాన్నే ఒక అడుగు అనుకోండి. అప్పుడు 32 స్టడ్‌ల బేస్‌ప్లేట్ (కింద పరిచే పలక) పక్కకి 32 అడుగుల స్థలం అవుతుంది. బొమ్మ మనిషి ఎత్తు దాదాపు 4 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. బ్రిక్ ఎత్తు 9.6 మిల్లీమీటర్లు కాబట్టి అరుగు రెండు బ్రిక్కులు లేపితే సుమారు రెండున్నర అడుగులు వస్తుంది, నిజం అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే ఎత్తు. ఎత్తు సరిచేసుకోవాలంటే ప్లేట్లు, అంటే పలచటి ముక్కలు, వాడండి, మూడు ప్లేట్లు ఒక బ్రిక్‌తో సమానం.

ఇక కప్పు. బయటి మూలల్లో రెండు వాలులు గట్టులా కలుస్తాయి, మండువా మూలల్లో పల్లంగా కలుస్తాయి. ఒకే ముక్క రెండు చోట్లా పనికిరాదు. 45 డిగ్రీల వాలు ముక్కల్లో (స్లోపుల్లో) బయటి మూలకి 'డబుల్ కాన్వెక్స్', నంబరు 3045. లోపలి మూలకి 'డబుల్ కాన్‌కేవ్', నంబరు 3046. మామూలు సెట్లలో ఈ రెండోది అరుదు, అందుకే మీ డబ్బాల్లో దొరకలేదు. లెగో ముక్కలు అమ్మే ఆన్‌లైన్ సైటు బ్రిక్‌లింక్‌లో విడిగా కొనుక్కోవచ్చు. కానీ మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 అయింది. కాబట్టి ముందు బ్రిక్‌లింక్ వాళ్ళ ఉచిత సాఫ్ట్‌వేర్ 'స్టూడియో'లో కంప్యూటర్ మీద కట్టి చూడండి, ఎన్ని ముక్కలు కావాలో అదే లెక్క చెప్తుంది. గోడల మీద ఆఖరి వరుసకి నున్నటి టైల్ ముక్కలు వేసి, అక్కడక్కడా మాత్రమే స్టడ్‌లు వదిలితే కప్పు ఎత్తి లోపల చూసుకోవచ్చు.

ఓరుగల్లు_చిత్తుప్రతి:
నేను రాస్తాను, కడతాను కూడా. నా మాట వేరు. కప్పు సంగతి తర్వాత చూడొచ్చు, ఇల్లంతా పూర్తి చెయ్యాలని కూర్చోకండి. కథలో ఎవరూ అడుగుపెట్టని గదికి గోడ గీత చాలు. ముందు సన్నివేశం రాయండి, అందులో తిరిగే చోటే కట్టండి. లేదంటే కట్టడంలో పడి కథ వెనకబడుతుంది, అలా ఆగిపోయిన మంచి కథలు నాకు తెలుసు. ఒక పని చెయ్యండి. ఫోన్‌ని తలకిందులుగా నిలబెడితే కెమెరా నేలకి దగ్గరగా వస్తుంది, బొమ్మ మనిషి కళ్ళ ఎత్తుకి సరిపోతుంది. మీ పాత్ర నిలబడిన చోట పెట్టి ఫొటో తీయండి. ఆమెకి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో తేలిపోతుంది. పై నుంచి చూస్తూ రాస్తే మనకి అన్నీ కనిపిస్తాయి, పాత్రకి కనిపించవు.

పెరటి_నుయ్యి:
అమ్మా, నేను మండువా ఇంట్లోనే పెరిగాను. ఆ పల్లపు మూలల్లో పెంకు ఆగదు, కింద రేకు వేసేవాళ్ళు. వాన నీళ్ళన్నీ ఆ రేకు మీంచే ధారగా పడేవి, కింద గంగాళం పెట్టేవాళ్ళం. మిగతా నీళ్ళు పోవడానికి మండువాలో తూము ఉండాలి, మర్చిపోకండి.

కోనసీమ_కథలు:
అందరికీ ధన్యవాదాలు. చిత్తుప్రతి గారు చెప్పినట్టే ఫోన్ పెట్టి చూశాను. కథలో అమ్మమ్మ వంటింట్లోంచి వీధి అరుగు మీదున్న పెద్దమనుషులకి కాఫీ తెస్తుంది. నేను 'తెచ్చింది' అని ఒక్క ముక్కలో రాసేశాను. బొమ్మని నడిపిస్తే తెలిసింది, వానలో మండువాకి అడ్డంగా రాలేదు, వసారా వెంట చుట్టి రావాలి. ఆ దారిలో తాతయ్య పడుకున్న గది గుమ్మం ఉంది. అంటే ఆవిడ గాజుల చప్పుడు ఆయనకి వినిపించే ఉంటుంది. పొలం అమ్మకం సంగతి ఆయనకి తెలియదని రాసుకున్న నాలుగు పేజీలూ ఇప్పుడు కొత్తగా రాస్తున్నాను. ఆయనకి తెలుసు, తెలిసే ఊరుకున్నాడు. కథ ఇప్పుడు చాలా బాగా కదులుతోంది.

పెద్దాయన చెప్పిన తూము కోసం వంటింటి వైపు ఒక బ్రిక్ తీసేశాను. స్టూడియో లెక్కలో 3046లు పన్నెండు వచ్చాయి, మూలకి మూడు. ఎర్రమట్టి రంగులో ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే చెప్పండి, కొనుక్కుంటాను.