ఎన్నికల ప్రసంగం విని ధైర్యం తెచ్చుకోవడం అమాయకత్వమా?

హరిత, కొలంబస్:
మొన్న మా తమ్ముడితో ఇదే గొడవ. 2008 జనవరి 8న న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓడిన రాత్రి ఒబామా నాషువాలో చేసిన ప్రసంగం నాకు ప్రాణం. అప్పుడు ఇక్కడ ఎం.ఎస్. చేస్తున్నాను. ఆ ఏడాది చివరికొచ్చేసరికి ఉద్యోగాలు లేవు, ఇచ్చిన ఆఫర్ కూడా వెనక్కి తీసుకున్నారు. ఆ వీడియో పెట్టుకుని రెజ్యూమెలు పంపేదాన్ని. ఆ ఓటమికి ఐదు రోజుల ముందే అయోవా రాష్ట్రంలో గెలిచాడు, చాలా సర్వేలు న్యూ హాంప్‌షైర్ కూడా ఆయనదే అన్నాయి. తీరా చూస్తే ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్‌కు 39 శాతం, ఆయనకు 36. అలా ఓడినవాడు ముందు ఆమెకు అభినందనలు చెప్పి, ఆ తర్వాత హాలంతా "యస్ వుయ్ కెన్" అని అరిచేలా చేశాడు. "ఓట్ల కోసం రాయించుకున్న మాటలు నమ్మావా అక్కా" అంటాడు మావాడు. నాకసలు ఓటే లేదు, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నదాన్ని! నన్ను బుట్టలో వేసుకుంటే వాళ్లకు ఒరిగేదేముంది?

లెక్కల మాస్టారు, తెనాలి:
నా ఓటు మీ తమ్ముడికే. ఒబామా ప్రసంగాలు రాసే జాన్ ఫావ్రోకి అప్పుడు 26 ఏళ్లు. ఎక్కడ ఆగాలి, ఏ మాట ఎన్నిసార్లు తిప్పి తిప్పి అనాలి అన్నది వాళ్లకు తెలిసిన విద్య. మీకు ఓటు లేకపోవచ్చు, మీ ఊపు చూసి పక్కింటివాడికి ఊపొస్తుంది. ఇక చేతల సంగతి చూడండి. ఉగ్రవాద అనుమానితులను ఉంచే గ్వాంటనామో జైలును ఏడాదిలోగా మూసేయాలని 2009 జనవరి 22న సంతకం పెట్టారు. ఎనిమిదేళ్లు పాలించి దిగిపోయినా అది మూతపడలేదు.

హరిత, కొలంబస్:
గ్వాంటనామోకీ నా రెజ్యూమెకీ ఏం సంబంధం మాస్టారూ?

బాబ్జీ:
అమెరికా గొడవ మనకెందుకండీ. మన దగ్గర సభకెళ్తే స్ఫూర్తి వస్తుందో రాదో గానీ బిర్యానీ ప్యాకెట్ మాత్రం గ్యారంటీ.

సుభద్ర, విజయనగరం:
బాబ్జీ గారూ, అందరూ బిర్యానీకే వెళ్లలేదు. 1982లో చైతన్యరథం మా అమ్మవాళ్ల ఊరు వచ్చినప్పుడు అమ్మా, పెద్దమ్మా ఇద్దరూ వెళ్లారట. తెలుగువారి ఆత్మగౌరవం అని రామారావు గారు అంటుంటే ఒళ్లు పులకరించిందని ఇద్దరూ ఇప్పటికీ చెబుతారు. ఆ స్ఫూర్తితో ఏం చేశారని అడిగితే నవ్వేస్తారు. అమ్మకు నిజంగా దక్కింది వేరే. పిత్రార్జితంలో కూతుళ్లకూ సమాన వాటా ఇస్తూ ఆ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి అమ్మకు పెళ్లి కాలేదు, వాటా వచ్చింది. అప్పటికే పెళ్లైన కూతుళ్లకు అది వర్తించలేదు కాబట్టి పెద్దమ్మకు రాలేదు. ఇద్దరూ విన్నది ఒకే ప్రసంగం. అందుకే నేను నాయకుల మాటలు వినను, జీవోలు చదువుతాను. (మా ఆయనకి ఇది మహా బోరు.)

కిరణ్, కరీంనగర్:
మాస్టారూ, ఆ "యస్ వుయ్ కెన్" నినాదం ఒబామాదీ కాదు, ఫావ్రోదీ కాదు. 1972లో అరిజోనాలో పొలం కూలీల పోరాటంలో వాళ్ల నాయకురాలు డోలొరెస్ హ్యూర్టా స్పానిష్‌లో ఇచ్చిన పిలుపు, "సీ సే ప్వేదే" (అవును, సాధ్యమే). 2012లో ఆమెకు పతకం ఇస్తూ, నినాదం మీ దగ్గరే కొట్టేశానని ఒబామాయే ఒప్పుకున్నాడు. 2008లో ఆమె సమర్థించింది ఎవరినో తెలుసా? హిల్లరీని! కూలీలకు పనికొచ్చిన మాట ఒక అభ్యర్థికి పనికొచ్చింది, ఉద్యోగం దొరకని ఒక తెలుగమ్మాయికి పనికొచ్చింది. ఎవరి నోటి నుంచి వచ్చిందని చూసి ధైర్యం తెచ్చుకోవాలా?

లెక్కల మాస్టారు, తెనాలి:
కిరణ్, ఈ సంగతి బాగుందయ్యా. అయితే నువ్వు నా పక్షానే వాదించావు. సొంత నినాదం వేల గొంతుల్లో వినపడుతున్నా ఆమె తన ఓటు నిర్ణయం మార్చుకోలేదు. అలా ఉండగలిగితే ఎవరితోనూ నాకు పేచీ లేదు. ఒకసారి కదిలిపోయి, ఆ తర్వాత ఆ నాయకుణ్ని పల్లెత్తు మాట అంటే మీద పడి కరిచేవాళ్లతోనే నా తంటా. నాలాంటి పాతకాలపు వాళ్లలోనే వాళ్లు ఎక్కువ. ఇంతకీ హరిత గారు తేల్చాలి, ఆయన్ని ఏమైనా అంటే మీకు కోపం వస్తుందా, రాదా?

హరిత, కొలంబస్:
కొంచెం వస్తుంది, దాచను. కానీ మాస్టారూ, నాకు ఇప్పటికీ ఇక్కడ ఓటు లేదు. గ్రీన్ కార్డు క్యూలోనే ఉన్నాను. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి ఆయన వచ్చేముందు ఎలా ఉందో, దిగిపోయాక కూడా అలాగే ఉంది. దాని గురించి అడగాల్సిన చోట అడుగుతాను, సంతకాలు పెడతాను, ఫోన్లు చేస్తాను. ఆ పనికి ఆ ప్రసంగం అడ్డం రాలేదు. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు కార్లో వింటాను, అంతే.

సుభద్ర, విజయనగరం:
ఆ 7 శాతం తీసేయాలని బిల్లు ఏదీ రాలేదా?

కిరణ్, కరీంనగర్:
వచ్చిందండీ. 2019 జులైలో ప్రతినిధుల సభలో 365–65తో గెలిచింది. 2020 డిసెంబరులో సెనేట్ దాన్ని వేరే రూపంలో ఆమోదించింది. రెండూ ఒకటి కాలేదు, గడువు దాటి మురిగిపోయింది. ఆ రోజు సభలో ఎవరేం మాట్లాడారో ఈ వేదికలో ఒక్కరికైనా గుర్తుందా?