వ్యాయామం రెండు వారాలకు మించి సాగట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది. ప్రతి సెమిస్టర్ మొదట్లో పొద్దున్నే లేచి పరిగెత్తడం మొదలుపెడతాను, ఇంటర్నల్స్ రాగానే ఆగిపోతుంది, తర్వాత మళ్లీ మొదలుపెట్టాలంటే ఏదో సిగ్గు. షూస్ మంచం కింద దుమ్ము పట్టి ఉన్నాయి, లేసులు కూడా విప్పలేదు. మీకెలా కుదురుతోంది?

జవాబు 1: నాదీ అదే కథ. ఒంటరిగా చేయడం మానేసి రూమ్మేట్‌తో సాయంత్రం షటిల్ మొదలుపెట్టా. వాడు రాకెట్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే రానని చెప్పడం కష్టం!

జవాబు 2: గంట చేస్తేనే వ్యాయామం అనుకోవడమే అసలు చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, చురుగ్గా నడిచినా లెక్కే. ఒకేసారి కనీసం 10 నిమిషాలు చేయాలన్న పాత షరతు కూడా తీసేశారు, కాబట్టి క్లాసుకి మెట్లెక్కి వెళ్లినా వృథా కాదు. కండరాలకు మాత్రం వారానికి రెండు రోజులు విడిగా ఏదైనా చేయాలి.

జవాబు 3: బరువు తగ్గాలని మొదలుపెట్టినప్పుడల్లా మానేశాను. డాన్స్ ఇష్టం కాబట్టి అది ఏడాదిగా నడుస్తోంది. అసలు నీకు పరుగంటే ఇష్టమేనా?

ప్రశ్న అడిగినవారు: నిజం చెప్పాలంటే అస్సలు ఇష్టం లేదు :) రేపు షటిల్‌కి ఎవరైనా వస్తారేమో అడుగుతా.