లాంగ్‌బో: బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి, ముంజేయి కమిలిపోతోంది. కొత్త విల్లు కొనాలా?

పల్నాడు_టు_నాటింగ్‌హామ్:

అందరికీ నమస్తే. మాది నరసరావుపేట, ప్రస్తుతం ఉండేది నాటింగ్‌హామ్. రాబిన్‌హుడ్ ఊళ్ళో ఉంటూ విల్లు పట్టవా అని ఆఫీసులో ఎక్కించారు. బిగినర్స్ కోర్సు రికర్వ్ (కొనలు ముందుకి వంగిన విల్లు) మీద చేశాను గానీ మనసు లాంగ్‌బో మీదకి పోయింది. రెండు నెలల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. ఇంగ్లిష్ లాంగ్‌బో. బాణం ఆనించుకోవడానికి మెట్టు లాంటిదేమీ ఉండదు, పిడికిలి మీదే పెట్టి వదలాలి. పొడవు 70 అంగుళాలు. పిడి దగ్గర 40 పౌండ్లు, 28 అంగుళాలు అని రాసి ఉంది.

నా బాధలు చెప్తాను. కుడిచేత్తో లాగుతాను. 20 గజాల నుంచి వేస్తే బాణాలన్నీ గురికి అడుగున్నర ఎడమకి పోతున్నాయి. చెదిరిపోతే నా చేతకానితనం అనుకునేవాణ్ణి, కానీ అన్నీ ఒకే చోట గుంపుగా దిగుతున్నాయి. నారి వచ్చి ముంజేతికి చాచి కొడుతోంది, బ్రేసర్ (ముంజేతి తొడుగు) కట్టుకున్నా సరే దాని అంచు దాటి మణికట్టు దగ్గర తగులుతోంది. వంకాయ రంగు తేలింది. వీడియో కాల్‌లో అమ్మ చూసి ఒకటే గొడవ. ఇక బాణం వదిలిన ప్రతిసారీ మోచేతిలోకి జిల్లుమని అదురు. మూడు డజన్లు వేసేసరికి భుజం పీకేస్తుంది.

బాణాలు ఒక ఆన్‌లైన్ షాపులో కొన్నాను. విల్లు 40 అని చెబితే 40-45 స్పైన్ (బాణం ఎంత బిరుసో చెప్పే అంకె) చెక్క బాణాలు పంపారు, 28 అంగుళాల పొడవు. నారి కూడా కొత్తదే, డాక్రాన్ అనే పాలిస్టర్ దారంది, మూడు వారాలైంది కట్టి.

విల్లే తేడానా? అమ్మేసి ఇంకోటి చూసుకోమంటారా?

బెజవాడ_రికర్వ్:

బ్రదర్, ముందే చెప్తున్నా, లాంగ్‌బో నేనెప్పుడూ పట్టలేదు. మా విజయవాడలో విల్లంటే ఆర్చరీ ప్లేయర్లు జ్యోతి సురేఖ కాంపౌండ్ (కప్పీలున్న విల్లు), ధీరజ్ రికర్వ్, అంతే. రికర్వ్ లెక్కన చెప్పాలంటే ముందు నీ ఏ కన్ను బలమైనదో చూసుకో. రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న స్విచ్‌బోర్డు వైపు వేలు చూపించి ఎడమకన్ను మూసేయ్. వేలు పక్కకి జరిగిపోతే నీది ఎడమకన్ను. అప్పుడు కుడిచేత్తో వేసే బాణం ఎడమకి పోవడంలో వింతేం లేదు.

అదురు తగ్గాలంటే డాక్రాన్ తీసేసి ఫాస్ట్‌ఫ్లైట్ నారి కట్టు. సాగదు, వేగం కూడా వస్తుంది.

డెర్బీ_అక్క:

తమ్ముడూ, విల్లు అమ్మకు. బెజవాడ తమ్ముడూ, కంటి సంగతి మంచి మాటే, ఎవరైనా ముందు అదే చూసుకోవాలి. కానీ ఫాస్ట్‌ఫ్లైట్ మాత్రం ఒద్దు. డాక్రాన్ కాస్త సాగి దెబ్బని తను మింగుతుంది. సాగని నారి ఆ దెబ్బంతా తీసుకెళ్ళి విల్లు కొనల మీద వేస్తుంది. చేసినవాళ్ళు పరవాలేదు అని చెబితే తప్ప చెక్క విల్లుకి అది కట్టకూడదు. ఇదేమన్నా శివధనుస్సా, విరగ్గొడితే పెళ్ళవడానికి.

నేను పదకొండేళ్ళుగా డెర్బీ దగ్గర ఒక క్లబ్బులో వేస్తున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా ఫార్మసీలో మాత్రలు, ఆదివారం విల్లు. నీ మూడు బాధలూ వేరువేరు కావు అనిపిస్తోంది. విల్లు మీద రాసి ఉన్న అంకె నీ అంకె అనుకున్నావు, షాపువాడూ అదే అనుకున్నాడు. అది 28 అంగుళాలు లాగేవాడి అంకె. నువ్వెంత లాగుతావో ఎవరైనా అడిగారా?

ఒక తేలిక బాణం పెట్టి, నువ్వు రోజూ లాగే చోటు దాకా లాగు. స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టి, విల్లు బయటి అంచు దగ్గర బాణం మీద పెన్సిల్‌తో గీత పెట్టమను. నాక్ (బాణం తోక దగ్గరి గాడి) లోపల నారి కూర్చునే చోటు నుంచి ఆ గీత దాకా కొలిస్తే అదీ నీ లాగుడు. ఈ తరహా విళ్ళలో అంగుళం తగ్గితే సుమారు రెండున్నర పౌండ్లు తగ్గుతాయి.

ఇప్పుడు ఎడమ సంగతి. నీ విల్లుకి మధ్యలో కోత లేదు కాబట్టి బాణం నారికి పెట్టినప్పుడే కొంచెం ఎడమకి చూస్తూ ఉంటుంది. వదలగానే అది తిన్నగా పోదు. నీళ్ళలో చేప ఒళ్ళు తిప్పినట్టు వంగి, విల్లుని చుట్టుకుని దాటి, ఆ తర్వాత గురి వైపు సర్దుకుంటుంది. ఎంత వంగాలో అంతే వంగాలి. బిరుసు బాణం వంగనంటుంది, కట్టెని తన్ని ఎడమకే పోతుంది. మరీ మెత్తనిదైతే కుడికి. ఎడమచేత్తో లాగేవాళ్ళకి ఇదంతా తిరగేసి చదువుకోవాలి.

చెవితో కూడా తెలుస్తుంది. వదిలినప్పుడు టక్ మని చెక్కకి చెక్క తగిలిన చప్పుడు వస్తోందా? బాణం దాటే చోట విల్లు పక్కన వేలితో తడిమి చూడు, పాలిష్ గరుకైందా? బాణం తోక ఊపుకుంటూ పోతోందా? ఇవి ఉంటే బాణం బిరుసు. ఇవేవీ లేకుండా గీత గీసినట్టు తిన్నగా ఎడమకి పోతుంటే కన్ను గానీ వేళ్ళు వదిలే తీరు గానీ చూసుకోవాలి.

ముంజేతి దెబ్బకి బ్రేస్ హైట్ చూడు. నారి ఎక్కించాక పిడికి, నారికి మధ్య ఎడం. పూర్వం ఇక్కడివాళ్ళు కొలబద్ద వాడేవాళ్ళు కాదు. పిడికిలి బిగించి పిడి మీద పెట్టి బొటనవేలు నిలబెడితే నారి తగలాలి. మన లెక్కలో బెత్తెడు మీద ఒక బొటనవేలు. సుమారు ఆరంగుళాలు, ఆరున్నర దాకా పరవాలేదు. కొత్త డాక్రాన్ మొదటి రోజుల్లో సాగుతుంది, ఎడం తగ్గిపోతుంది, నారి మణికట్టు మీదకి వస్తుంది. మూడు వారాలైంది అన్నావుగా, ఆ తర్వాత ఎప్పుడైనా కొలిచావా?

ఇంకొకటి అడుగుతాను, నవ్వకు. విల్లు సరైన వైపే పట్టుకుంటున్నావా? మొదటి నెలంతా నేను తలకిందులుగా వేశాను. ఈ విళ్ళలో బాణం దాటే చోటు నడిమికి కొంచెం పైన ఉంటుంది, కింది సగం కాస్త పొట్టిగా, గట్టిగా ఉంటుంది. తిరగేసి వేస్తే గట్టి వైపు పైకొచ్చి బాణం ఎగిరెగిరి పడుతుంది, విల్లూ పాడవుతుంది. నాది చూసిన పెద్దాయన ఒకడు ఏమీ అనకుండా చేతిలోంచి తీసుకుని తిరగేసి ఇచ్చి వెళ్ళిపోయాడు. సాధారణంగా కొమ్ముతో చేసిన కొనల్లో పొడుగ్గా, సోకుగా ఉన్నది పైది.

కొలతలు చెప్పు, మిగతాది తర్వాత.

పల్నాడు_టు_నాటింగ్‌హామ్:

అక్కా, నమస్కారం. విల్లు సరైన వైపే ఉంది, అదొక్కటి నయం. కన్ను కూడా కుడిదే.

లాగుడు 26 అంగుళాలు. నమ్మలేక మూడుసార్లు కొలిచాం. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసు తూచుకునే కొక్కెం కాటా ఉంటుంది కదా, దాన్ని నారికి తగిలించి 26 దాకా లాగితే 16 కిలోలు చూపించింది. అంటే 35 పౌండ్లు! ఇన్నాళ్ళూ 40 లాగుతున్నా అని అందరికీ చెప్పుకున్నాను.

బ్రేస్ హైట్ అయిదంగుళాలకి ఒక పిసరు తక్కువే. టక్ మనే చప్పుడు ఉంది. అది అందరికీ వస్తుందనుకున్నా. విల్లు పక్కన గోరంత మేర పాలిష్ పోయింది, పచ్చరంగు మరక కూడా ఉంది. నా ఈకలు పచ్చవే.

డెర్బీ_అక్క:

సూట్‌కేసు కాటా! నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. 35 అని సిగ్గుపడకు. పోర్ట్‌స్మత్‌లో మేరీ రోజ్ మ్యూజియం ఉంది, 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఓడ. అందులో చెక్కుచెదరని విళ్ళే 137 దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం వంద పౌండ్ల పైమాటే అంటారు. వాటి ముందు నీ 40 ఎంత, నా 30 ఎంత. అద్దం ముందు నిలబడి అరగంట చూసి, బుద్ధిగా ఇంటికొచ్చాను.

పని మొదలుపెట్టే వరస ముఖ్యం. ముందు నారి, తర్వాత నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు), చివర బాణం. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నారి: కింది కొన దగ్గర ముడి ఉంటే, లాగేకొద్దీ బిగిసే రకం, అది విప్పి కాస్త ఎక్కువ తాడు తీసుకుని మళ్ళీ వెయ్యి. రెండు వైపులా కుట్టిన లూపే ఉంటే ఒక కొన తీసి, పేనిన దిశలోనే మెలికలు వెయ్యి. ఎదురు మెలిక వేస్తే జడ విప్పినట్టు విడిపోతుంది. ఆరంగుళాలు వచ్చాక ఒక డజను బాణాలు వేసి మళ్ళీ కొలువు, ఇంకా సాగుతుంది. పావంగుళం చొప్పున పెంచుతూ చప్పుడు ఎక్కడ నెమ్మదిస్తుందో విను. ప్రతి విల్లుకీ ఒక చోటు ఉంటుంది, అక్కడ చప్పుడు మారుతుంది. నాది ఆరుంపావు దగ్గర. పనిలో పని, నారికి తేనెమైనం రాసి వేళ్ళతో వేడెక్కేదాకా రుద్దు.

మోచెయ్యి కూడా చూసుకో. విల్లు పట్టిన చేతి మోచేతి మడత పైకి చూడకూడదు, పక్కకి తిరగాలి. తలుపు ఫ్రేముకి అరచెయ్యి ఆనించి, చెయ్యి కదలకుండా మోచెయ్యి ఒక్కటే తిప్పడం ప్రాక్టీస్ చెయ్యి. సగం దెబ్బలు దానితోనే పోతాయి.

నాకింగ్ పాయింట్: పిడికిలి మీద బాణం ఆనే చోటికి లంబంగా నారి మీద గుర్తు పెట్టుకుని, దానికి అరంగుళం పైన దారం చుట్టు. జాకెట్లు కుట్టే దారం చాలు. బాణం కిందకీ పైకీ కొట్టుకుంటూ పోతుంటే కొంచెం కొంచెం జరుపు. చూపుడువేలు ప్రతిసారీ పిడి పై అంచుకే ఆనాలి. ఆ వేలే నీ మెట్టు. మెట్టు కదిలితే ఈ కొలతలన్నీ దండగ.

ఇక బాణం. 35 లాగే మనిషికి 40-45 బిరుసే. పైగా కోత లేని విల్లుకి ఇంకా మెత్తనిది కావాలి. 30-35 తెప్పించుకో, కానీ డజను కొనకు, మూడు కొను. అవి వచ్చేలోపు ఉన్నవాటితో ఒక పని చెయ్యి. ఒక బాణం బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టి బరువు చూడు, ములికి బరువెంతో షాపు బిల్లులో చూడు.

పల్నాడు_టు_నాటింగ్‌హామ్:

బాణం 19 గ్రాములు. ములికి 70 గ్రెయిన్లు అని ఉంది.

డెర్బీ_అక్క:

అదీ నీ మోచేతి అదురు. బాణం తేలికైతే విల్లులో ఉన్న సత్తువంతా బాణంలోకి పోదు, మిగిలింది నీ చేతిలోకి వస్తుంది. నేను పౌండుకి పది గ్రెయిన్లు చూసుకుంటాను. నీ 35కి 350, అంటే 22.7 గ్రాములు. రెండు తులాలకి ఇంచుమించు. 70 తీసేసి 125 గ్రెయిన్ల ములికి పెట్టు, బరువు దాదాపు అక్కడికే వస్తుంది. ముందు బరువు పెరిగితే బాణం ఎక్కువ వంగుతుంది కూడా, అంటే బిరుసూ తగ్గుతుంది. ఒక మందుకి రెండు రోగాలు. మూడింటికే మార్చు, మిగతావి అలాగే ఉంచు, పక్కపక్కన వేసి చూడు. వేడికి కరిగే జిగురుతో అతికించి ఉంటే ములికిని కొంచెం మంటమీద చూపించి పటకారుతో లాగితే వస్తుంది. చెక్కని కాల్చకు.

కొత్త బాణాలు వచ్చాక చెక్క గీతలు చూడు. ఒక వైపు సన్నని నిలువు గీతలు, ఇంకో వైపు మంటలా సాగిన చారలు ఉంటాయి. నిలువు గీతల వైపు విల్లుకి ఆనాలి. నాక్ అడ్డదిడ్డంగా అతికిస్తే ఒకే డజనులో ఒక్కోటి ఒక్కో స్పైన్‌లా పోతుంది. నీ బాణాల్లో కూడా ఒకటి రెండు అలా ఉన్నా ఆశ్చర్యపోను.

ఈక ముందు కొన మర్చిపోవద్దు. అది పిడికిలి మీదుగా పోతుంది, పదునుగా ఉంటే బ్లేడే. జిగురు చుక్క వేసి, దారం నాలుగు చుట్లు చుట్టు. బాణానికున్న మూడు ఈకల్లో వేరే రంగుది విల్లుకి అవతలి వైపు ఉండేలా పెట్టుకో.

బెజవాడ_రికర్వ్:

అక్కా, మేమైతే విల్లు పక్కన బాణం ఆనే బటన్ నాలుగు తిప్పులు తిప్పి ఊరుకుంటాం. మీరు బాణాన్నే మారుస్తున్నారు.

డెర్బీ_అక్క:

మాకు బటన్ ఎక్కడుంది నాయనా. ఉన్నది ఒక కట్టె, ఒక తాడు.

పల్నాడు_టు_నాటింగ్‌హామ్:

ఆదివారం అప్‌డేట్. బ్రేస్ హైట్ ఆరుంపావుకి తెచ్చాను, ముంజేతికి ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. 125 ములికి పెట్టిన మూడూ గురికి జానెడు ఎడమలో పడ్డాయి, పాతవి ఎప్పట్లాగే అడుగున్నర. టక్ చప్పుడు సగం తగ్గింది. అదురు ఉంది గానీ, అయిదు డజన్లు వేసినా భుజం పట్టలేదు. 30-35 స్పైన్‌వి మూడు ఆర్డర్ పెట్టాను. కొత్త ములుకులు బరువు కాబట్టి బాణాలు కిందకి పడుతున్నాయి, గురి కాస్త పైకి పెట్టాల్సి వస్తోంది. అది మామూలేనా?

చూపుడువేలి మీద మాత్రం బియ్యపు గింజంత గాటు పడింది. దారం చుట్టడం సోమవారానికి వాయిదా వేశాను.

డెర్బీ_అక్క:

మామూలే, నాలుగు రోజుల్లో చెయ్యికి అలవాటవుతుంది. ప్లాస్టర్ వేసుకో. దారం చుట్టేదాకా గ్లవ్ తియ్యకు.