పూర్తి డబ్బు కట్టిన తర్వాత కూడా లోగో ఓపెన్ ఫైలు ఇవ్వకపోవడం న్యాయమేనా?

బెల్లం వ్యాపారి, పూర్ణా మార్కెట్:
సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నంలో మాది మా నాన్నగారి కాలం నుంచి నడుస్తున్న బెల్లపు మిఠాయిల దుకాణం. గత ఏడాది సీతమ్మధారలోని ఒక చిన్న డిజైన్ స్టూడియోతో లోగో, డబ్బాల లేబుళ్లు, సంచులు, దుకాణం ముందు బోర్డు అన్నీ చేయించుకున్నాం. అడిగిన 38 వేల రూపాయలనూ మూడు విడతల్లో కట్టాను, ఆఖరి విడత గడువు కంటే ముందే కట్టాను. ఈ దసరాకు కొత్త డబ్బా వేయిద్దామనుకుంటే ముద్రణ చేసేవారు ఓపెన్ ఫైలు, అంటే మార్పులు చేసుకోవడానికి వీలున్న అసలు ఫైలు, తెమ్మన్నారు. స్టూడియోను అడిగితే, దాన్ని ఇవ్వడం తమ పద్ధతి కాదనీ, కావలసిన మార్పు వేరే రుసుము తీసుకుని తామే చేసిపెడతామనీ జవాబు వచ్చింది. నా దుకాణం పేరును నా డబ్బా మీద వేసుకోవడానికి ప్రతిసారీ ఒకరి గుమ్మం ముందు నిలబడవలసిందేనా?

డాబా గార్డెన్స్ వాసి:
డబ్బు కట్టినవారిదే సొత్తు. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

న్యాయ విద్యార్థి, మద్దిలపాలెం:
చర్చించడానికి చాలా ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం ఒక కళాకృతికి మొదటి హక్కుదారు దాన్ని సృష్టించిన వ్యక్తే. జీతానికి పనిచేసే ఉద్యోగి గీస్తే అది యజమానికి చెందుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న వర్ణచిత్రం వంటి వాటికి ఒక మినహాయింపు ఉంది కానీ, లోగో ఆ మినహాయింపులోకి వస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం. బయటి స్టూడియో గీసిన లోగో మీద హక్కు మీకు బదిలీ కావాలంటే 19వ సెక్షను ప్రకారం రాతపూర్వకమైన, సంతకం చేసిన పత్రం ఉండాలి. ఆ పత్రంలో కాలం పేర్కొనకపోతే బదిలీ 5 ఏళ్లకే పరిమితమవుతుంది, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. మీ దగ్గర అటువంటి పత్రం ఉందా?

బెల్లం వ్యాపారి, పూర్ణా మార్కెట్:
కొటేషను ఉంది, రసీదులు ఉన్నాయి. పత్రం అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఇల్లు కట్టించుకున్నవాడిని మేస్త్రీ వచ్చి గోడ మీద హక్కు పత్రం చూపమంటాడా?

న్యాయ విద్యార్థి, మద్దిలపాలెం:
ఆ పోలిక కుదరదు. ఇల్లు వస్తువు, లోగో కృతి. ప్రశ్న మళ్లీ అడుగుతున్నాను: సంతకం చేసిన పత్రం ఉందా, లేదా?

కాఫీ పొడి అమ్మకందారు, ఎం.వి.పి. కాలనీ:
చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవడం మంచిదే గానీ, నాకు జరిగినది వినండి. అరకు కాఫీ పొడి పొట్లాల కోసం నేను ఒకరితో డిజైన్ చేయించుకున్నాను. రెండేళ్ల తర్వాత ఆయన స్టూడియో మూసేసి వేరే ఊరు వెళ్లిపోయారు, ఫోను ఎత్తలేదు, ఫైళ్లున్న హార్డ్ డిస్కు ఏమైందో తెలియదు. మిగిలింది వాట్సాప్‌లో పంపిన ఒక బొమ్మ మాత్రమే. పావు కిలో పొట్లం మీది బొమ్మను కిలో పొట్లానికి పెంచితే అంచులన్నీ మసకబారాయి, చివరికి మొత్తం కొత్తగా గీయించుకోవలసి వచ్చింది. ఓపెన్ ఫైలు ఇవ్వనన్న స్టూడియోకు నేను ఇంక పని ఇవ్వను.

అక్షర రూపకర్త, సీతమ్మధార:
మొదటి సందేశంలో చెప్పిన స్టూడియో నాది. నాతో కలిపి ముగ్గురం పనిచేస్తాం. పేరు చెప్పకుండా రాసినందుకు ఆయనకు కృతజ్ఞతలు, కానీ జవాబు చెప్పవలసినది నేనే.

కొటేషనులో ఏమేమి ఇస్తామో స్పష్టంగా రాశాం: ముద్రణకు సిద్ధమైన ఫైళ్లు, వెబ్‌కు పనికివచ్చే ఫైళ్లు. ఓపెన్ ఫైలు అందులో లేదు. అది ఎందుకు లేదో కూడా చెబుతాను. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరంలాగా ఒకే గీత మీద కుదురుగా కూర్చోదు. పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద ఒత్తు వేలాడుతుంది, పక్కన కొమ్ము సాగుతుంది. ఆయన దుకాణం పేరులో ‘క్ష్మి’ ఉంది. ఆ ఒక్క అక్షరంలోని మకారపు ఒత్తు కింది వరుసలోని ‘బెల్లపు మిఠాయిలు’ అన్న మాటలోని గుడులకు తగలకుండా కూర్చోబెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇదివరలో ఒక ఖాతాదారుకు ఓపెన్ ఫైలు ఇచ్చాను. వారు దాన్ని ఇంకెవరికో ఇచ్చారు, అక్కడ తెలుగు సరిగా రాని పాత సాఫ్ట్‌వేరులో పేరును మళ్లీ టైపు చేస్తే ఒత్తులు అక్షరం కింద నుంచి ఊడి పక్కకు వచ్చి నిలబడ్డాయి. ఆ బోర్డు ఆశీలుమెట్ట దగ్గర నెలల తరబడి వేలాడింది. చూసినవాళ్లందరూ అది నా పని అనుకున్నారు.

ఫ్లెక్స్ ముద్రణ, గాజువాక:
ఒక చిన్న విషయం. ముద్రణ చేసేవాళ్లం ‘ఓపెన్ ఫైలు’ అని అలవాటుగా అంటాం గానీ, మాకు నిజంగా కావలసినది స్టూడియోవారి పని ఫైలు కాదు. అక్షరాలన్నీ కర్వులుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా, మార్చిన పీడీఎఫ్ చాలు. దాన్ని 10 అడుగులకు పెంచినా అంచు చెదరదు, ఫాంటు మా దగ్గర లేకపోయినా రూపం మారదు. జేపీఈజీ బొమ్మను అలా పెంచితే అంచు మెట్లు మెట్లుగా కనబడుతుంది.

అక్షర రూపకర్త, సీతమ్మధార:
ఆ పీడీఎఫ్ మొదటి రోజే ఇచ్చాం. మెయిల్ పంపిన తేదీ కూడా చెప్పగలను.

బెల్లం వ్యాపారి, పూర్ణా మార్కెట్:
మెయిల్ మా అబ్బాయి చూస్తాడు, నేను చూడను. ఉంటే ఉండవచ్చు, కాదనను. కానీ ఆ పీడీఎఫ్‌లో అక్షరాలను మార్చుకోవచ్చా? ‘దసరా ప్రత్యేకం’ అని చేర్చుకోవచ్చా?

ఫ్లెక్స్ ముద్రణ, గాజువాక:
పక్కన చేర్చుకోవచ్చు. ఉన్న అక్షరాలను మళ్లీ టైపు చేయడం కుదరదు.

న్యాయ విద్యార్థి, మద్దిలపాలెం:
ఒక అంశాన్ని అందరూ వదిలేస్తున్నారు. కాపీరైటు వేరు, ట్రేడ్ మార్కు వేరు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద దుకాణం గుర్తును వ్యాపారి తన పేరు మీదే నమోదు చేసుకోవచ్చు. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తుంది, నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ పునరుద్ధరించుకోవచ్చు. ఫైలు ఎవరి కంప్యూటరులో ఉన్నదన్నదానితో దీనికి సంబంధం లేదు. అయితే గీసిన రూపం మీద హక్కు స్టూడియోదే అయినప్పుడు రేపు పేచీ రాకుండా రాతపూర్వకమైన బదిలీ తీసుకోవాలి. అందుకే పత్రం ఉందా అని అడుగుతున్నాను.

బెల్లం వ్యాపారి, పూర్ణా మార్కెట్:
పత్రం, పత్రం అని మూడోసారి అడుగుతున్నారు. లేదని చెప్పాను. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ‘గీసిన రూపం స్టూడియోది’ అని మీరు తేలికగా అనేశారు. ఆ రూపం ఎక్కడి నుంచి వచ్చిందో స్టూడియోవారే చెప్పాలి.

1980ల నుంచి మా దుకాణం మీద చేత్తో రాసిన రేకు బోర్డు ఉండేది. ఎర్రటి అక్షరాలు, వాటికి పసుపు నీడ, ‘క్ష్మి’కి కింద పెద్ద చుట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ బోర్డు ఎగిరిపోయింది. మూడు రోజులు వెతికినా దొరకలేదు. మా నాన్నగారు బోర్డు కింద నిలబడి తీయించుకున్న ఒక్క ఫొటో మిగిలింది. నేను స్టూడియోకు ఆ ఫొటో తీసుకువెళ్లి, ఈ అక్షరాలే కావాలి, వేరే కొత్తదనం వద్దు అని చెప్పాను. వారు అలాగే చేశారు, బాగా చేశారు కూడా. కానీ మొన్న వారి పేజీలో మా లోగో పెట్టి, కింద ‘మా స్టూడియో అక్షర సృష్టి’ అని రాసుకున్నారు. మా నాన్నగారి మాట లేదు, ఆ బోర్డు మాట లేదు. ఆ రోజు వరకు నాకు ఫైలు సంగతే పట్టలేదు. అది చదివిన మరునాడే అడిగాను.

డాబా గార్డెన్స్ వాసి:
ఈ సంగతి మొదటి సందేశంలోనే రాసి ఉండవలసింది.

అక్షర రూపకర్త, సీతమ్మధార:
ఇప్పుడు నాకు కోపం వస్తోందని దాచుకోకుండా చెబుతాను. ఆ ఫొటో అరచేయంత ఉంటుంది, పక్క నుంచి వంకరగా తీశారు. రెండు అక్షరాల మీదుగా కరెంటు తీగ పోయింది, చివరి అక్షరం సగం వెలిసిపోయింది. కనబడని భాగాన్ని కనబడే భాగం నుంచి ఊహించి, కుంచె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గ్రహించి, 11 రోజులు కూర్చుని గీశాను. పూర్తి పేరులో ఫొటో నుంచి నేరుగా తీసుకోగలిగిన అక్షరాలు మూడే. ‘మిఠాయిలు’ అన్న మాట పాత బోర్డులో లేనే లేదు, ఆ చేతిరాతలో అది ఎలా ఉండేదో ఆలోచించి నేనే రాశాను. దీన్ని సృష్టి అనకూడదా? ‘ఉన్నదాన్ని కాపీ కొట్టి 38 వేలు తీసుకున్నారు’ అని నలుగురిలో అన్నట్టుగా ఉంది మీ సందేశం.

బెల్లం వ్యాపారి, పూర్ణా మార్కెట్:
కాపీ కొట్టారని నేను అనలేదు. మీ కష్టానికి అడిగినంత ఇచ్చాను, ఒక్క రూపాయి తగ్గించమనలేదు. మా ఇంటి అక్షరాలను నా చేతికి ఇవ్వనంటున్నారని బాధపడుతున్నాను.

పాత బోర్డుల ఆర్టిస్టు, కంచరపాలెం:
నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఈ సంగతి చూసి ఉండలేక రాస్తున్నాను.

నలభై ఏళ్ల పాటు ఈ ఊళ్లో బోర్డులు రాశాను. ముందు రేకుకు ప్రైమరు వేసి, సుద్ద దారం కొట్టి గీతలు వేసుకుని, ఎనామిల్ రంగుతో అక్షరం ఎత్తేవాళ్లం. సముద్రపు గాలికి ఇక్కడ రేకు తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి నాలుగైదేళ్లకు ఒకసారి మళ్లీ రాయడానికి పిలిచేవారు. ఫ్లెక్సులు వచ్చాక ఆ పిలుపులు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. ఆ బోర్డు నేను రాసింది కాదు, అటువైపు నేను పనిచేయలేదు. అయినా ఒక మాట. అమ్మా, మీరు అక్షరం కోసం పడిన కష్టం చదివితే నాకు సంతోషం వేసింది, కుంచె ఎక్కడ ఆగిందో చూసేవాళ్లు ఇప్పుడు అరుదు. కానీ ఆ మూడు అక్షరాలకు వంపు పెట్టినది మీరూ కాదు, ఈ బాబు వాళ్ల నాన్నగారూ కాదు. అది రాసిన మనిషి ఒకడున్నాడు. ఇంత చర్చలో అతని పేరు ఎవరూ అడగలేదు. మేము బోర్డుకు కుడివైపు కింది మూలలో చిన్నగా సంతకం చేసేవాళ్లం. ఫొటోలో ఆ మూల కనిపిస్తుందా?

బెల్లం వ్యాపారి, పూర్ణా మార్కెట్:
ఆ మూలకు నాన్నగారి భుజం అడ్డంగా ఉంది. ఎవరు రాశారో నాన్నగారికి తెలిసి ఉండేది. నేను ఎప్పుడూ అడగలేదు.

న్యాయ విద్యార్థి, మద్దిలపాలెం:
ఇది చట్టపరంగా కూడా అసలు ప్రశ్న. అప్పట్లోనూ పత్రం లేకపోతే మొదటి హక్కు ఆ బోర్డు రాసిన వ్యక్తిదే అవుతుంది. అప్పుడు స్టూడియో బదిలీ చేయగలిగినది తాను కొత్తగా చేర్చిన భాగం మీది హక్కును మాత్రమే. నేను ఇంతసేపూ పత్రం స్టూడియో దగ్గర నుంచి మొదలవుతుందని అనుకున్నాను.

అక్షర రూపకర్త, సీతమ్మధార:
పేజీలోని మాట ఈ రాత్రే మారుస్తున్నాను. ‘పూర్ణా మార్కెట్‌లోని పాత చేతిరాత బోర్డు ఆధారంగా, పేరు తెలియని ఆర్టిస్టు అక్షరాల నుంచి పునర్లేఖనం’ అని రాస్తాను. కర్వుల పీడీఎఫ్‌ను మళ్లీ పంపాను, ఈసారి వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపాను. లోగోను ఆయన ఎప్పటికీ, ఎక్కడైనా వాడుకోవచ్చని సంతకంతో పత్రం ఇస్తాను. పని ఫైలు మాత్రం ఇవ్వను. అందులో లైసెన్సుతో కొన్న ఫాంటు ఒకటి ఉంది, దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి నాకు అనుమతి లేదు. ఫాంటు లేకపోయినా ఇవ్వకపోయేదాన్నే.

కాఫీ పొడి అమ్మకందారు, ఎం.వి.పి. కాలనీ:
రేపు మీ స్టూడియో మూతపడితే ఆ పని ఫైలు ఏమవుతుంది? దీనికి జవాబు ఇవ్వలేదు.

అక్షర రూపకర్త, సీతమ్మధార:
మూతపడితే ఆ రోజు అందరి ఫైళ్లూ వారికే ఇచ్చేస్తాం. ఇకపై ఈ వాక్యం కొటేషనులో ఉంటుంది.

బెల్లం వ్యాపారి, పూర్ణా మార్కెట్:
పీడీఎఫ్ అందింది, డబ్బా ముద్రణకు ఇచ్చాను. పత్రం కోసం సోమవారం వస్తాను, ఫొటో కూడా తెస్తాను, భుజం పక్కన ఏమైనా కనబడుతుందేమో మీ స్క్రీను మీద పెద్దది చేసి చూద్దాం. కానీ ‘పునర్లేఖనం’ అనే మాట నాకు నచ్చలేదు. పాత బోర్డుకు ‘ప్రతి’ అని రాయండి.

అక్షర రూపకర్త, సీతమ్మధార:
తప్పకుండా రండి. ‘ప్రతి’ అని మాత్రం రాయను.