రొమ్ము ఇంప్లాంట్ రాయిలా గట్టిపడింది, రెండోసారి సర్జరీ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? (వైజాగ్)

ఎంవీపీ_పిన్ని:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. నాకు 46. 2021లో క్యాన్సర్ వచ్చి ఎడమవైపు రొమ్ము తీసేశారు, ఆ ఆపరేషన్‌లోనే ఎక్స్‌పాండర్ (చర్మాన్ని మెల్లగా సాగదీసే బెలూన్ లాంటిది) పెట్టి తర్వాత సిలికాన్ ఇంప్లాంట్‌కి మార్చారు, ఆ తర్వాత 25 రేడియేషన్లు. ఏడాది పాటు బానే ఉంది. తర్వాత మెల్లగా గట్టిపడుతూ పైకెక్కడం మొదలెట్టింది, ఇప్పుడు చూస్తే కాలర్ బోన్ కింద కొబ్బరి చిప్ప బోర్లించినట్టు ఉంటుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకోలేను, పై అరలో పప్పు డబ్బా అందుకోవాలంటే ఛాతీ మొత్తం లాగేస్తుంది. మొన్న మా మరిది కూతురి పెళ్లికని బ్లౌజ్ కుట్టించుకోడానికి వెళ్తే టైలరమ్మ టేపు రెండుసార్లు పెట్టి చూసి, ఎడమ డాట్ చెరిపేసి రెండు వేళ్లు పైకి గీసింది. ఏమీ అడగలేదు. నేనే ఇంటికొచ్చి బాత్రూంలో ఏడ్చా.

డాక్టరు గారు కాంట్రాక్చర్ (ఇంప్లాంట్ చుట్టూ కట్టిన పొర బిగుసుకోవడం), గ్రేడ్ 3 దాటింది అన్నారు. ఒకరేమో చుట్టూ ఉన్న పొర తీసేసి కొత్త ఇంప్లాంట్ పెడదాం అంటున్నారు, ఇంకొకరు ఇంప్లాంటే వద్దు, పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు తెచ్చి పెడదాం అంటున్నారు. రెండు సిజేరియన్లు అయ్యాయి నాకు, పొట్ట పనికొస్తుందా అసలు? మా ఆయన మాత్రం "ప్రాణం దక్కింది చాలదా, మళ్లీ కోతలెందుకు" అంటారు. ఎటూ తేల్చుకోలేకపోతున్నా.

గాజువాక_అప్ప:
పిన్నీ మీ పోస్టు చదువుతుంటే నా కథే రాసినట్టుంది. నాకూ రేడియేషన్ తర్వాతే బిగుసుకుంది. ఇంప్లాంట్ చుట్టూ ఒంట్లో పొర కట్టడం అందరికీ మామూలే అంట, రేడియేషన్ పడ్డ చోట మాత్రం ఆ పొర దళసరెక్కి ఇంప్లాంట్‌ని పిండేస్తుంది. నేను మొదట పొర తీయించి కొత్తది పెట్టించుకున్నా, రెండేళ్లు తిరక్కుండా మళ్లీ అదే గతి. చర్మం పాతదే కదా మరి, రేడియేషన్‌కి ఎండిపోయిన నేలలో ఎన్ని మొక్కలు మార్చినా ఏం లాభం. అందరికీ ఇలాగే అవుతుందని అనను గానీ నాకు మూడోసారి డీప్ ఫ్లాప్ (మీకు చెప్పిన పొట్ట దగ్గరి ఆపరేషన్ లాంటిదే) చేశారు, అదేదో ముందే చేయించుకోవాల్సింది అనిపించింది.

డీప్ అంటే బొడ్డు కింద చర్మం, కొవ్వు తీసి దాని రక్తనాళాల్ని ఛాతీలో నాళాలకి మైక్రోస్కోప్ కింద కలుపుతారు, పొట్ట కండరం తీయరు. సిజేరియన్ మచ్చ ఉన్నా చాలామందికి కుదురుతుంది, ముందు పొట్టకి సీటీ యాంజియో తీసి నాళాలు ఎలా ఉన్నాయో చూస్తారు. టమ్మీ టక్ (పొట్ట తగ్గించడానికి అక్కడి చర్మం, కొవ్వు తీసేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లకి మాత్రం కుదరదు. నాది పొద్దున 8కి లోపలికి తీసుకెళ్తే సాయంత్రం 5 దాటింది. మొదటి రాత్రి గంటగంటకీ నర్సు వచ్చి డాప్లర్ (నాళాల్లో రక్తం పారుతోందో లేదో వినే పరికరం) పెట్టి "గుయ్ గుయ్" శబ్దం వినేది, ఆ శబ్దం వచ్చిన ప్రతిసారీ మా అమ్మ సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకునేది. తర్వాత పది రోజులు ముసలమ్మలా వంగి నడిచా, పక్కన డ్రెయిన్ డబ్బాలు (గాయంలో చేరే నీరు బయటికి లాగేవి) వేలాడుతూ. ఆరు వారాలు నీళ్ల బిందె కూడా ఎత్తనివ్వలేదు. ఇదంతా తేలిక అని మాత్రం చెప్పను. కానీ ఇప్పుడు ముట్టుకుంటే మెత్తగా, వెచ్చగా ఉంటుంది.

సీతమ్మధార_ఆంటీ:
ఇంత దూరం ఎందుకమ్మా, ఆముదం గోరువెచ్చగా చేసి రోజూ గట్టిగా మర్దన చేస్తే కరుగుతుంది, మా చెల్లెలి తోటికోడలికి తగ్గింది.

వార్డు_నర్సు:
ఆంటీ గారూ దయచేసి ఆ సలహా ఇవ్వకండి, రేడియేషన్ పడ్డ చర్మం పల్చగా ఉంటుంది, గట్టిగా రుద్దితే చిట్లిపోయి ఇన్‌ఫెక్షన్ వస్తే మొత్తం తీసేయాల్సి వస్తుంది. ఏ నూనెకీ ఆ పొర కరగదు.

ఎంవీపీ అక్కా, ముందు పాత ఫైల్లో ఇంప్లాంట్ కార్డు వెతకండి, కంపెనీ, మోడల్, గరుకుదా నున్నదా అన్నీ దాని మీద ఉంటాయి. అలెర్గాన్ కంపెనీ బయోసెల్ గరుకు ఇంప్లాంట్లని 2019 జులైలో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు, అరుదే అయినా ఒకరకం లింఫోమాతో (అదీ ఒక క్యాన్సరే) సంబంధం ఉందని. మీకు పెట్టింది ఆ తర్వాత కాబట్టి అది అయ్యుండే అవకాశం తక్కువ, అయినా కార్డు చూసుకోండి, పాతవాళ్లు కూడా చదువుతారని రాస్తున్నా. ఏళ్ల తర్వాత ఒక్కసారిగా వాస్తే మాత్రం ఎవరైనా సరే నీరు తీసి టెస్ట్ చేయించండి. సర్జరీకి ముందు ఎంఆర్ఐ అడగండి, లోపల ఇంప్లాంట్ చిరిగిందా, జబ్బు ఏమైనా తిరగబెట్టిందా రెండూ తెలుస్తాయి. టామాక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే మాత్ర) వేసుకుంటుంటే ఫ్లాప్ ముందు కొన్నాళ్లు ఆపమంటారు, రక్తం గడ్డకట్టే రిస్క్ ఉంటుంది కాబట్టి, అయితే మీ అంతట మీరు ఆపకండి, ఆంకాలజిస్ట్‌తో చెప్పే ఆపాలి. షుగర్ ఉందా?

ఇంకోటి, ఇన్సూరెన్స్ వాళ్లు కాస్మెటిక్ అని కొట్టేస్తే ఊరుకోకండి. పాలసీ కాగితంలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 08 చదవండి, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే రీకన్‌స్ట్రక్షన్‌కి ఆ మినహాయింపు వర్తించదని అందులోనే ఉంటుంది. డాక్టరు గారి లెటర్‌లో "క్యాన్సర్ అనంతర" అన్న మాట రాయించుకోండి.

బీచ్‌రోడ్డు_వాకర్:
ఇంకో దారి కూడా ఉంది, ఎవరూ చెప్పట్లేదని రాస్తున్నా. నేను ఇంప్లాంట్ తీయించేసుకుని ఫ్లాట్‌గా ఉండిపోయా. ఆపరేషన్ చిన్నది, మూడో రోజు ఇంటికి. బయటికెళ్తే బ్రాలో సిలికాన్ ప్యాడ్, మే నెలలో వైజాగ్ ఉక్కపోతకి అది చెమటకి జారుతుంది, కాటన్‌ది కుట్టించుకున్నా. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడిచేటప్పుడైతే అదీ పెట్టుకోను, ఎవడు చూస్తాడు సముద్రాన్ని వదిలేసి.

ఎంవీపీ_పిన్ని:
కార్డు దొరికింది, నున్నదే. షుగర్ బోర్డర్‌లో ఉంది నర్సమ్మా, మూడు నెలల టెస్టుకి ఇచ్చా. తీయించేసుకోవడం గురించి రాత్రంతా ఆలోచించా, నాకు మనసొప్పట్లేదండీ, వాకర్ గారూ మీకు ధైర్యం ఎక్కువ. పొట్ట దగ్గరిది తెచ్చి పెట్టించుకోవడమే అనుకుంటున్నా. అప్పా, ఆ పది రోజులు వంగి నడిచినప్పుడు బాత్రూంకి ఎవరు తీసుకెళ్లారు? మా ఆయనకి ఈ పోస్టంతా చదివి వినిపించా, ఆయన అడుగుతున్న ప్రశ్న అదొక్కటే.

గాజువాక_అప్ప:
మొదటి నాలుగు రోజులు అమ్మ, తర్వాత మా ఆయనే. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బాత్రూంలో పెట్టించండి, పడుకోడానికి రిక్లైనర్ దొరక్కపోతే మంచం మీద తలకింద మూడు దిండ్లు, మోకాళ్ల కింద రెండు. ముందు బటన్లు ఉన్న నైటీలు నాలుగు కొనమనండి ఆయన్ని.