ఎక్కిళ్లా, వెక్కిళ్లా? మరి పొలమారడం?

కావలి నుంచి ప్రశ్న: మేం ఎక్కిళ్లు అంటాం, మా అత్తమ్మ వెక్కిళ్లు అంటుంది. నీళ్లు తాగేటప్పుడు పొలమారినా ఆమెకు అదే మాట. ఏది సరైనది? రెంటికీ "ఎవరో తలుచుకుంటున్నారులే" అనేస్తారు కూడా.

నా జవాబు: ఎక్కిళ్లు, వెక్కిళ్లు రెండూ మంచి మాటలే అక్కా. తమిళంలో విక్కల్, కన్నడంలో బిక్కు ఉన్నాయి కాబట్టి మొదట వకారం ఉండి, మనవైపు జారిపోయిందనే నేననుకుంటాను. వెక్కి వెక్కి ఏడవడంలో అది ఇంకా నిలిచే ఉంది.

పొలమారడాన్ని మాత్రం వీటితో కలపొద్దు. మింగే నీళ్లో మెతుకో గాలిగొట్టం వైపు పోతే దగ్గొస్తుంది, అది పొలమారడం. ఎక్కిలి అలా కాదు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర ఉన్నట్టుండి బిగుసుకుంటుంది, గాలి లోపలికి దూకుతుంది, వెంటనే గొంతులో స్వరతంత్రులు మూసుకుంటాయి. ఆ "హిక్" చప్పుడు అక్కడిదే. సంస్కృతంలో హిక్క అన్న పేరే ఆ చప్పుడులా ఉంటుంది. ఆయుర్వేదంలో హిక్కలు ఐదు రకాలు. తిండి వల్ల వచ్చేది అన్నజ, అది పెద్దగా భయపెట్టదు. మహా, గంభీర అనేవాటిని మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవిగానే చూశారు.

ఒంగోలు నుంచి, వైద్యుడిగా: ఈ తేడా మాకు చాలా అవసరం అన్నా. గబగబా తిన్నా, కూల్‌డ్రింక్ తాగినా వచ్చే ఎక్కిళ్లు కాసేపట్లో పోతాయి. 48 గంటలు దాటితే కారణం వెతకాలి. కడుపులో ఆమ్లం పైకి తన్నడం, కిడ్నీలు దెబ్బతినడం, రక్తంలో సోడియం తగ్గడం, స్టెరాయిడ్ మందులు, ఛాతీలో గడ్డ, ఏదైనా కావచ్చు. చెవిలో కర్ణభేరికి వెంట్రుక తగిలినా రావచ్చు, అందుకే చెవి కూడా చూస్తాం.

ఎక్కిళ్లతోపాటు మాటిమాటికీ పొలమారుతుంటే, తల తిరిగి నడక తూలుతుంటే, అది మెదడు కింది భాగంలో వచ్చిన పక్షవాతం కావచ్చు. క్షణం ఆలస్యం చేయకూడదు. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు రెండు లక్షణాలనూ ఒకే మాటలో చెప్తే ఒకటి మాకు తెలియకుండా పోతుంది. "తలుచుకుంటున్నారు" అని నాలుగు రోజులు ఆగి వచ్చేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

కావలి నుంచి: ఊపిరి బిగబట్టడం, చెంచా చక్కెర మింగడం పనిచేస్తాయా తమ్ముడూ?

ఒంగోలు నుంచి: మామూలు ఎక్కిళ్లకు చేసి చూడొచ్చు అక్కా, నష్టం లేదు. పొలమారేవాళ్లకు మాత్రం నోట్లో ఏమీ వేయకండి. ఆగనివాటికి ముందు కారణానికే వైద్యం. దాంతోపాటు క్లోర్‌ప్రోమజిన్, బాక్లోఫెన్, గాబాపెంటిన్, మెటోక్లోప్రమైడ్‌లాంటి మందుల్లో మనిషినిబట్టి ఒకటి ఎంచుకుంటాం. ఇవి మెడికల్ షాపులో అడిగి వేసుకునేవి కావు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు బాక్లోఫెన్ ఒంట్లో పేరుకుని మగతలోకి తీసుకుపోతుంది, స్పృహ తప్పే ప్రమాదం కూడా ఉంది.