ఇంటి కెమెరాలకు డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టి పోర్టులు తెరవడం సరైన పనేనా?

కాశీబుగ్గ అబ్బాయి

మా ఇల్లు కాశీబుగ్గలో. అమ్మ, నాన్న ఇద్దరే ఉంటారు. ఇంటి వెనుక నాన్నగారి జీడిపిక్కల గోదాము. గోదాముకు రెండు, వీధి గుమ్మానికి ఒకటి, హాల్లో ఒకటి, మొత్తం నాలుగు కెమెరాలు పెట్టించాం. బిగించిన కుర్రవాడు రౌటర్లో డైనమిక్ డీఎన్‌ఎస్ (ఇంటి ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఇంటి నంబరు, మారుతున్నా ఒకే పేరుతో దాన్ని చేరే ఏర్పాటు) నమోదు చేసి, కెమెరాల బొమ్మలు దాచే డీవీఆర్ పెట్టె కోసం రెండు పోర్టులు (బయటి నుంచి లోపలికి దారులు) తెరిచి, నా ఫోనులో బొమ్మ చూపించి వెళ్లాడు. నేను ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ చక్కగా కనిపించింది. బెంగళూరు వచ్చాక ఒక్కసారీ తెరుచుకోలేదు. ఆ పేరు ఏదో ఒక ఐపీ అడ్రస్‌ను చూపుతోంది, కానీ అవతల పలికేవారు లేరు. నెట్ ఆపరేటర్‌ను అడిగితే స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని అడ్రస్) తీసుకోండి, నెలనెలా అదనంగా కట్టాలి అన్నారు. మా మేనమామ అయితే అసలు ఇంటి పోర్టులు బయటికి తెరవడమే తప్పు అంటున్నారు. డబ్బు కట్టి ఇదే దారిలో వెళ్లాలా, మానుకోవాలా?

రాజాం కెమెరా పని

మానుకోండి. పన్నెండేళ్లుగా రాజాం, పాలకొండ, చీపురుపల్లి వైపు కెమెరాలు బిగిస్తున్నాను. మొదట్లో మేమూ ప్రతి ఇంటికీ డైనమిక్ డీఎన్‌ఎస్సే పెట్టేవాళ్లం. 2014లో, ఆ సేవ ఇచ్చే డైన్ సంస్థ ఉచిత ఖాతాలు ఆపేసినప్పుడు, పెట్టిన ఇళ్లన్నిటికీ మళ్లీ తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు డీవీఆర్ మీది క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే పని అయిపోతుంది. డీవీఆరే బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌ను కలుస్తుంది. మీరు లోపలికి దారి తెరవనక్కర లేదు, ఐపీ మారినా ఆపరేటర్ మారినా బాధ లేదు. మీ నాన్నగారు ఎప్పుడైనా రౌటర్ రీసెట్ మీట నొక్కారనుకోండి, పోర్టు అమరికలన్నీ పోతాయి. వాటిని తిరిగి పెట్టడానికి మీరు బెంగళూరు నుంచి రాలేరు కదా.

చీపురుపల్లి మాస్టారు

రాజాం వారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ కంపెనీ సర్వర్ అన్న మాటను అంత తేలికగా దాటేయలేను. మన హాలు బొమ్మ ఎవరి చేతుల మీదుగా మనకు వస్తోంది? 2021 మార్చిలో అమెరికాలో వెర్కాడా అనే కెమెరాల సంస్థకు ఏమయిందో చూడండి. ఒక్క నిర్వాహక ఖాతా పరాయివాళ్ల చేతికి చిక్కితే దాదాపు లక్షన్నర కెమెరాలు వాళ్ల కళ్ల ముందు తెరుచుకున్నాయి. వాటిలో ఆసుపత్రులవీ ఉన్నాయి, జైళ్లవీ ఉన్నాయి. డైనమిక్ డీఎన్‌ఎస్‌లో ఎవరి దగ్గరా మన బొమ్మ ఉండదు. ఒక పేరు, దాని పక్కన ఒక అంకె, అంతే. ఆ అంకె మారినప్పుడు మన రౌటరే వెళ్లి దిద్దుకుంటుంది. ఇలా దిద్దుకునే పద్ధతికి 1997లోనే ప్రమాణం ఏర్పడింది.

పదవీ విరమణ చేశాక నా భౌతికశాస్త్ర పాఠాలన్నీ ఒక పాత కంప్యూటర్లో పెట్టుకున్నాను. ఆరేళ్లుగా ఎక్కడికి వెళ్లినా ఈ పద్ధతిలోనే తెరుస్తున్నాను. నా వస్తువు నా ఇంట్లోనే ఉంటుంది. ఆ తృప్తిని అద్దెకు తెచ్చుకోలేం.

బొబ్బిలి నెట్‌వర్క్

ముందు అబ్బాయి గారి ఇబ్బంది సంగతి. రౌటర్ పేజీలో వాన్ అడ్రస్ అని ఉంటుంది, ఆపరేటర్ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్ అది, చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతోనో, 10తోనో మొదలైతే మీకు సొంత ఐపీ లేనట్టే. ఐపీవీ4 అనే పాత రకం ఐపీ అడ్రసులు మొత్తం కలిపి సుమారు 429 కోట్లు. పంచడానికి ఉన్న నిల్వ 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయిలో, ఏప్రిల్‌కల్లా మన ఆసియా ప్రాంతంలో అడుగంటింది. అందుకని ఆపరేటర్లు ఒక్కో అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్నారు. ఈ ఏర్పాటు కోసమే 2012లో ఆ 100.64 వరుసను కేటాయించారు.

వాటాల ఇంటిని ఊహించుకోండి. వీధి గుమ్మం ఒకటే, లోపల నలభై వాటాలు. మీ డైనమిక్ డీఎన్‌ఎస్ ఆ వీధి గుమ్మం నంబరును నిజాయితీగానే చెబుతోంది. మీరు తెరిచిన పోర్టు మాత్రం మీ వాటా తలుపుకే. వచ్చిన మనిషి వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాడు, ఎందుకంటే ఆ గుమ్మం తాళం ఆపరేటర్ దగ్గర ఉంది. ఇంట్లో ఉన్నప్పుడు మీ ఫోను అదే వైఫైలో ఉంది కాబట్టి, డీవీఆర్‌ను లోపలి నుంచే పలకరించింది. బిగించిన కుర్రవాడు వైఫై ఆపి ఫోను డేటా మీద చూపించి ఉంటే ఆ రోజే తేలిపోయేది. కెమెరాలు పెట్టించుకునే ప్రతివారూ ఈ ఒక్క పరీక్ష అడిగి చేయించుకోవాలి.

ఇక అసలు వాదం. ఇక్కడ ఇద్దరూ రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా కలిపేస్తున్నారు. డైనమిక్ డీఎన్‌ఎస్ ఇల్లు ఎక్కడుందో చెబుతుంది. లోపలికి ఎవరు రావాలో అది చెప్పదు. దాన్ని పెట్టుకున్నందుకు ఇల్లు బలహీనమైపోదు, పెట్టుకున్నందుకు భద్రతా రాదు. ప్రమాదం ఆ కుర్రవాడు తెరిచిన రెండు పోర్టుల్లో ఉంది. డీవీఆర్ లాగిన్ పేజీని నేరుగా ప్రపంచం ముందు పెట్టడమంటే, ఎప్పుడూ మరమ్మతు చేయని తలుపును హైవే మీద నిలబెట్టడమే. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఇలాంటి కెమెరాలనూ డీవీఆర్లనూ వెతుక్కుంటూ, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అరవైకి పైగా పాస్‌వర్డుల జాబితాతో లోపలికి చొరబడింది. అలా పట్టుకున్న పరికరాలతో ఆ ఏడాది అక్టోబర్ 21న దాడి చేసింది ఎవరి మీదనో తెలుసా? రాజాం వారు చెప్పిన ఆ డైన్ సంస్థ మీదనే. డైనమిక్ డీఎన్‌ఎస్‌తో పేరు తెచ్చుకున్న సంస్థను ఎవరెవరి ఇళ్లలోనో తెరిచి ఉంచిన కెమెరాలే ఆ రోజు కూలదోశాయి. ట్విట్టర్ వంటి సైట్లు గంటల తరబడి చాలామందికి అందలేదు.

పాస్‌వర్డు మార్చుకున్నాం కదా అనకండి. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడిన లోపానికి పాస్‌వర్డే అవసరం లేదు. సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ వచ్చింది, కానీ మన జిల్లాల్లో గోడ మీది కెమెరాకు అప్‌డేట్ చేసేవారు ఎంతమంది?

నా మాట ఇది. డైనమిక్ డీఎన్‌ఎస్ ఉంచుకోండి, ఆ రెండు పోర్టులూ ఈ రోజే మూసేయండి. ఇంట్లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌లోకి తాళం వేసిన సొంత దారి) పెట్టి దాని ఒక్క పోర్టే తెరవండి. సరైన తాళంచెవి లేనివాడు తట్టితే అది బదులే ఇవ్వదు. అక్కడ ఒక తలుపు ఉందన్న సంగతే బయటివాడికి తెలియదు. సొంత ఐపీ లేకపోయినా కంగారు వద్దు. మీ ఆపరేటర్ ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రస్ ఇస్తుంటే ఆ అడ్రస్‌నే పేరుకు కట్టండి. అదీ ఇవ్వకపోతే టెయిల్‌స్కేల్ వంటిది వాడుకోండి. అది కూడా వైర్‌గార్డ్ మీదే నడుస్తుంది, వాటాల ఇంట్లోనూ పనిచేస్తుంది.

రాజాం కెమెరా పని

వైర్‌గార్డ్ బాగుంటుంది, కాదనను. మా అన్నయ్య ఇంట్లో నేనే పెట్టాను. కానీ అది మొదలైనప్పుడు ఒకసారి పేరు అడిగి అంకె తెలుసుకుంటుంది, మళ్లీ అడగదు. మధ్యలో ఐపీ మారితే ఫోనులో ఆపి మళ్లీ వేయాలి. ఇది మీకు తెలుసు, నాకు తెలుసు. గోదాములో అలికిడి వినిపించిన రాత్రి ఒంటిగంటకు అరవై ఏళ్ల మనిషికి తెలుస్తుందా? నాకు పని ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది అటువంటివారే. పోర్టులు తెరవడం తప్పు అన్నదానికి మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఇకముందు నేను తెరవను. పాత ఇళ్లకు వెళ్లినప్పుడు అడిగి మూసి వస్తాను.

చీపురుపల్లి మాస్టారు

బొబ్బిలి వారి మాట విని నా రౌటర్ చూసుకున్నాను. నా కంప్యూటర్ పేజీ నేరుగానే బయటికి తెరిచి ఉంది. అది నా పొరపాటు, మూసేశాను. కానీ టెయిల్‌స్కేల్ దగ్గర ఆగిపోతున్నాను. బొమ్మ దారిలో తాళం వేసే ఉంటుందని ఒప్పుకుంటాను. అయినా ఎవరి తాళంచెవి ఎవరిదో చెప్పే చిట్టా ఇంకొకరి సర్వర్ మీద ఉంటుంది. రేపు డైన్ లాగే వాళ్లూ ఉచితం ఆపేస్తే? సొంత ఐపీ దొరికే చోట నేను సొంత వైర్‌గార్డే పెట్టమంటాను.

సోంపేట కోడలు

మీరంతా దారి గురించే మాట్లాడుతున్నారు. నేను ఆ కెమెరాల కింద తిరిగే మనిషిని కాబట్టి రెండు మాటలు చెబుతాను.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరుసలకు వరుసలే నేలకొరిగాయి. మాకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోనూ లేదు. మా ఆయన దుబాయ్‌లో ఉన్నారు. ఏ పేరూ ఏ ఐపీకీ వెళ్లలేదు. కంచిలి నుంచి బైకు మీద వచ్చిన మా చిన్నమామగారు మా మాటను తీసుకువెళ్లి, ఫోను పలికే చోటి నుంచి ఆయనకు చెప్పారు. ఏ పద్ధతి పెట్టుకున్నా, పక్కింటివారి నంబరు కాగితం మీద రాసి ఉంచుకోండి. రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ ఇన్వర్టర్ లైను ఇప్పించండి. మామూలు రోజుల్లో కరెంటు పోయినప్పుడైనా అది కాపాడుతుంది.

రెండో మాట హాలు కెమెరా గురించి. అబ్బాయి గారూ, అది పెట్టేముందు మీ అమ్మగారిని అడిగారా? మా హాల్లో ఒకటి ఉండేది. తల దువ్వుకోవాలన్నా లోపలి గదిలోకి వెళ్లేదాన్ని. చూసేది సొంత మనిషే అని తెలుసు. అయినా ఎప్పుడు చూస్తున్నారో తెలియకపోవడం ఎంత బరువో అనుభవించినవారికే తెలుస్తుంది. కంపెనీ చూస్తుందా, దొంగ చూస్తాడా అని ఇన్ని మాటలు అనుకున్నారు. కొడుకు చూడటం గురించి ఒక్కరూ అనలేదు.

బొబ్బిలి నెట్‌వర్క్

అమ్మా, మీరు అన్నది నిజం. ఇన్నేళ్ల పనిలో కెమెరా ఎక్కడ ఉండాలని ఏ ఇంట్లోనూ ఆడవాళ్లను నేను అడగలేదు. ఇకనుంచి మొదట అదే అడుగుతాను.

కాశీబుగ్గ అబ్బాయి

అందరికీ నమస్కారం. దసరాకు ఇంటికి వెళ్లి వచ్చాను. వాన్ అడ్రస్ 100.72తో మొదలవుతోంది, బొబ్బిలి గారు చెప్పినట్టే వాటాల ఇల్లు. అదృష్టం కొద్దీ 2తో మొదలయ్యే ఐపీవీ6 అడ్రస్ కూడా వస్తోంది. స్టాటిక్ ఐపీ తీసుకోలేదు. పాత డీవీఆర్‌కు ఐపీవీ6 తెలియదు కాబట్టి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొని అందులో వైర్‌గార్డ్ పెట్టాను. డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు ఇప్పుడు ఆ బోర్డు ఐపీవీ6కు వెళుతుంది. రౌటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో (బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలాలో) వైర్‌గార్డ్ వాడే 51820 పోర్టు ఒక్కటే తెరిచాను, కుర్రవాడు తెరిచిన రెండూ మూసేశాను. వైఫై ఆపి ఫోను డేటా మీద చూశాకే బయలుదేరాను. ఆఫీసు వైఫైలో ఐపీవీ6 లేదు, అక్కడ తెరుచుకోదు. ఫోను డేటాలో తెరుచుకుంటుంది, నాకు అది చాలు.

ఒక చిక్కు మిగిలింది. కరెంటు పోయి వస్తే రౌటర్ కంటే ముందే బోర్డు లేచి, అడ్రస్ దిద్దడానికి చేసిన ప్రయత్నం విఫలమవుతోంది. పేరు పాత అడ్రస్‌నే చూపుతూ ఉండిపోతోంది. ఐదు నిమిషాలకు ఒకసారి మళ్లీ సరిచూసుకునేలా పెట్టాను. ఇంతకంటే మంచి పద్ధతి ఉంటే చెప్పండి. ఇన్వర్టర్ లైను సంగతి నాన్నగారు ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడారు.

సోంపేట అక్కా, అమ్మను అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "తీసెయ్యరా, నీకు చూడాలనిపిస్తే ఫోన్ చెయ్" అంది. హాలు కెమెరాను ఊడదీసి, జీడిపిక్కలు ఆరబోసే కళ్లం వైపు బిగించాం.